కంప్యూటరు జాలముల కేంద్ర పర్యవేక్షణము

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. ఆనాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరమును దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. చెట్లును, విద్యుత్ స్తంభములును వేలకొలదిగా నేలకూలినవి. విమానాశ్రయ భవనపు పైకప్పు దెబ్బతిన్నది. టెలిఫోను టవర్లు పనిచేయుట మానివేసినవి. నగరములోని అనేక ప్రాంతములు రోజుల తరబడి విద్యుత్తు లేక, వార్త లేక గడపవలసి వచ్చినది.

ఇట్టి సమయమున కష్టము రెండు విధములుగా నుండును. వస్తువులు చెడిపోవుట మొదటిది. ఏ వస్తువు ఎచ్చట చెడినదో ఒక్కచోట కూర్చున్నవారికి తెలియకపోవుట రెండవది. మరమ్మతు చేయువారు సిద్ధముగా నున్నను, ముందు ఏ వీధికి పోవలెనో చెప్పువారు ఉండరు. ఏలననగా వార్తను తేవలసిన తీగయే తెగియుండును.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 2015లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పినది. గాజుతీగల ద్వారా ఇంటింటికిని ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను అందించుట దాని పని. ఈ జాలమును కనిపెట్టియుండు కార్యస్థానమును, అనగా నెట్‌వర్కు ఆపరేషన్స్ కేంద్రమును, విశాఖపట్టణములోనే ఏర్పాటు చేసిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును జాతికి అంకితము చేసిరి. సముద్రతీరమున ఒక గదిలో కూర్చున్న ఉద్యోగి రాయలసీమలోని ఒక పల్లెయందలి పెట్టె పనిచేయుచున్నదో లేదో చెప్పగలుగుట చూచువారికి వింతగా తోచును. అది వింత కాదు. దాని వెనుక ఒక క్రమమైన పనివిభజన ఉన్నది. ఆ విభజన ఎట్లు ఏర్పడినదో, దానికి గల హద్దు లేవియో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను.

ఒకే తీగపై అనేక స్టేషన్లు

దూరమున నున్న అనేక స్థలములను ఒక్కచోటినుండి కనిపెట్టుట కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. విశాఖ రేవులోనికి 1933 అక్టోబరు 7న జలదుర్గ అను నౌక ప్రవేశించుటతో అచ్చట ఓడల రాకపోకలు ప్రారంభమైనవి. రేవునకు సరకు చేర్చునది రైలు. 1960వ దశకములో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును రేవునకు తెచ్చుటకై కొత్తవలస - కిరండూలు మార్గమును నిర్మించిరి. తూర్పు కనుమలలో 50కి పైగా సొరంగములగుండా పోవు ఈ మార్గము వంటి వాటిపై, ఏ బండి ఎచ్చట నున్నదో ఒకరికైనను తెలియకున్నచో పని సాగదు.

ఇందుకై రైల్వేలు కంట్రోలు టెలిఫోనును వాడుకలోనికి తెచ్చినవి. ఒకే జత తీగలు వరుసగా స్టేషన్లన్నిటికిని పోవును. కంట్రోలరు ఒక స్టేషనుకు నిర్ణయింపబడిన సంకేతమును పంపినచో ఆ స్టేషను గంట మాత్రమే మ్రోగును, తక్కినవి మ్రోగవు. స్టేషను మాస్టరు బండి దాటిన వేళను చెప్పును. కంప్యూటర్లు రాకపూర్వము కంట్రోలరు ఒక పెద్ద కాగితముపై ఒకవైపు స్టేషన్లను, మరియొకవైపు కాలమును గుర్తించి, పెన్సిలుతో బండి గీతను గీయుచుండెడివాడు. గీతలు ఎచ్చట కలిసికొనుచున్నవో చూచి, ఏ బండిని ఏ స్టేషనులో నిలుపవలెనో నిర్ణయించెడివాడు.

ఇందులో ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. కంట్రోలరు సలహా ఇచ్చును, ఆజ్ఞ ఇచ్చును. కాని బండికి దారి భద్రముగా ఉన్నదని నిశ్చయించునది అతడు కాదు. ఆ పని ప్రక్కప్రక్కనున్న రెండు స్టేషన్ల మాస్టర్లది. వారి మధ్యనున్న బ్లాకు యంత్రములు అంగీకరింపనిదే సిగ్నలు వాలదు. కంట్రోలు టెలిఫోను చెడినను బండ్లు నడచును. ఆలస్యముగా నడచునేమో గాని, ఢీకొనవు. కేంద్రమునకు సమస్త జ్ఞానమును, స్థానికునకు ప్రాణరక్షణ బాధ్యతయు నుంచిన ఈ ఏర్పాటును గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఆర్పానెట్టు కాపలాదారులు

1969లో అమెరికాలో ఆర్పానెట్టు అను కంప్యూటరు జాలము మొదలైనది. నేటి ఇంటర్నెట్టునకు అదియే పూర్వరూపము. ప్రతి విశ్వవిద్యాలయము చెంతను ఒక చిన్న కంప్యూటరు నుంచి, సందేశములను ఒకచోటినుండి మరియొక చోటికి మళ్ళించు పనిని దానికి అప్పగించిరి. ఈ మళ్ళింపు యంత్రములను తయారుచేసినది మసాచుసెట్స్ రాష్ట్రములోని కేంబ్రిడ్జిలో నున్న బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అను సంస్థ.

యంత్రములు దేశమంతట చెదరియుండెను. వానిని గూర్చి తెలిసినవారు కేంబ్రిడ్జిలో నుండిరి. కనుక ప్రతి యంత్రమును నియమిత కాలమున కొకసారి తన స్థితిని కేంబ్రిడ్జికి తెలుపునట్లు ఏర్పాటు చేసిరి. తనకు తగిలించిన తీగలలో ఏవి బాగున్నవి, ఎన్ని సందేశములు పోయినవి, ఎన్ని తప్పులు దొర్లినవి అను వివరము లందుండెను. మొదట ఈ వార్తలు టెలిటైపు కాగితముపై అచ్చగుచుండెను. తరువాత ఒక కంప్యూటరే వానిని చదివి చెడుగును ఎత్తిచూపుచుండెను. దూరరాష్ట్రములోని టెలిఫోను తీగ చెడినదను సంగతి, ఆ తీగ యజమానియగు టెలిఫోను కంపెనీకంటె ముందు కేంబ్రిడ్జివారికి తెలిసి, వారు ఫోను చేసి చెప్పిన సందర్భము లున్నవి. కంపెనీ ఉద్యోగులకు అది నమ్మశక్యము కాకపోయెను.

జాలమును కనిపెట్టు కేంద్రమునకు పుట్టుక ఇదియే. అయితే దానిలో ఒక చిక్కుముడి మొదటినుండియు నున్నది. యంత్రముల ఆరోగ్యవార్త ఏ తీగలమీద రావలెనో, ఆ తీగల ఆరోగ్యమే ఆ వార్తలోని విషయము. తీగ చెడినచో వార్తయు రాదు.

మూడు అంకెల కలహము

ఈ ముడి ఎంత బిగువైనదో 1980 అక్టోబరు 27న తేలినది. ఆనాడు ఆర్పానెట్టు యావత్తును కొన్ని గంటలపాటు స్తంభించిపోయెను. కారణము విద్యార్థులు కాగితముపై లెక్కించి చూడదగినది.

ప్రతి మళ్ళింపు యంత్రమును తన తీగల స్థితిని తక్కిన యంత్రములన్నిటికిని చాటుచుండెను. ఏ వార్త పాతదో, ఏది క్రొత్తదో తెలియుటకై ప్రతి వార్తకును ఒక వరుససంఖ్య ఉండెను. ఈ సంఖ్య 0 నుండి 63 వరకు పోయి, గడియారపు ముల్లువలె మరల 0కి వచ్చును. రెండు సంఖ్యలలో మొదటిదానినుండి ముందునకు నడచి సగము చుట్టులోపల, అనగా 32 అడుగులలో, రెండవదానిని చేరగలిగినచో రెండవదే క్రొత్తది.

50వ యంత్రము పంపిన ఒక వార్తకు 44 అను సంఖ్య యుండెను. ద్వయాంశ పద్ధతిలో 44ను 101100 అని వ్రాయుదురు. 29వ యంత్రములోని లోపము వలన అందులో ఒక అంకె జారిపోయి 101000 అయ్యెను, అనగా 40. మరియొక అంకె జారి 001000 అయ్యెను, అనగా 8. ఒకే యంత్రము పేర 8, 40, 44 అను మూడు వార్తలు జాలములో తిరుగసాగెను. 8 నుండి 40కి 32 అడుగులు. కనుక 40 క్రొత్తది. 40 నుండి 44కు 4 అడుగులు. కనుక 44 క్రొత్తది. 44 నుండి చుట్టుతిరిగి 8కి 28 అడుగులు. కనుక 8 క్రొత్తది! ఒకదానికంటె ఒకటి క్రొత్తదిగా మూడును తిరుగుచు, ప్రతి యంత్రమును వానిని మరల మరల స్వీకరించుచు, పంచుచు, వేరు పని చేయలేకపోయెను.

ఒక యంత్రమును ఆపి తిరిగి నడిపినను ప్రయోజనము లేకపోయెను; ప్రక్క యంత్రములు అవే వార్తలను దానికి మరల అంటించుచుండెను. తుదకు 50వ యంత్రపు వార్తలను లెక్కింపవలదను చిన్న సవరణను యంత్రములలో చేర్చి జాలమును బ్రతికించిరి. రెండు అంకెలు జారుటవలన దేశవ్యాప్తమైన జాలము నిలిచిపోవుట నాటి ఇంజనీర్లకు గొప్ప పాఠమయ్యెను. యంత్రములు తమ్ము తాము కనిపెట్టుకొనుట చాలదు. వానిని కనిపెట్టుటకు వేరుగా ఒక క్రమపద్ధతి యుండవలెనని తేలినది.

హాజరు పిలుచుట, చేయి ఎత్తుట

1980వ దశకము చివరకు జాలములు పెరిగినవి. వేరువేరు కంపెనీల యంత్రములు ఒకే జాలములో చేరినవి. ఒక్కొక్క కంపెనీ తన యంత్రమునకు తనదైన పర్యవేక్షణ సాఫ్ట్‌వేరును అమ్ముచుండెను; ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. అందరికిని ఉమ్మడి భాష కావలసి వచ్చినది.

ఇందుకు రెండు పక్షములు బయలుదేరినవి. అంతర్జాతీయ ప్రమాణ సంస్థల పక్షము సమగ్రమైన పెద్ద పద్ధతిని రూపొందించుచుండెను. రెండవ పక్షమువారు జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అను నలుగురు. వీరు 1987లో ఒక చిన్న పద్ధతిని ప్రకటించి, 1988 ఆగస్టులో దానిని సంస్కరించి ఎస్.ఎన్.ఎం.పి. అను పేర వెలువరించిరి. 'సులభ జాలనిర్వహణ నియమావళి' యని దానికి అర్థము చెప్పవచ్చును. ప్రస్తుతమునకు సులభమైనదానిని వాడుడు, ముందుముందు పెద్దదానికి మారవచ్చునని 1988లో ఇంటర్నెట్టు పెద్దలు నిశ్చయించిరి. తాత్కాలికమనుకొన్న చిన్నదే లోకమంతట నిలిచినది. శాశ్వతమనుకొన్న పెద్దది ఇంటర్నెట్టు లోకములో వ్యాపింపలేదు.

ఈ పద్ధతిలో నాలుగు అంగములున్నవి. మొదటిది పర్యవేక్షకుడు, ఇది కేంద్రములోని సాఫ్ట్‌వేరు. రెండవది ప్రతినిధి, ఇది ప్రతి యంత్రములోను ఉండు చిన్న సాఫ్ట్‌వేరు. మూడవది పట్టిక, యంత్రమును గూర్చి ఏయే సంగతులు అడుగవచ్చునో, వాని పేర్లేమో ఇందుండును. నాలుగవది ప్రశ్నోత్తరముల నియమావళి.

పాఠశాలలో ఉపాధ్యాయుడు హాజరు పిలుచును. పిల్లలు జవాబు చెప్పుదురు. పర్యవేక్షకుడును ఇట్లే వరుసగా ప్రతి యంత్రమును అడుగును. నడుమ ఒక విద్యార్థికి జ్వరము వచ్చినచో హాజరువరకు ఆగక చేయి ఎత్తును. యంత్రములోని ప్రతినిధియు ఇట్లే అడుగకుండగనే అత్యవసర వార్తను పంపును. దీనిని ట్రాప్ అందురు. రెండు మార్గములును కావలెను. చేయి ఎత్తుటయే ఉన్నచో స్పృహ తప్పినవాడు చేయి ఎత్తలేడు. హాజరు ఒక్కటే ఉన్నచో రెండు హాజరుల నడుమ జరిగినది తెలియదు.

పట్టికలోని పేర్లు అంకెలతో నుండును. యంత్రము నడువసాగి ఎంతకాలమైనదను సంగతికి 1.3.6.1.2.1.1.3 అని పేరు. రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామము అనుచు చిరునామా ఒక ఇంటికి చేర్చునట్లు, ఈ అంకెలును పెద్ద శాఖనుండి చిన్న శాఖకు దింపును. మొదటి 1 అంతర్జాతీయ ప్రమాణ సంస్థను, నాలుగవ అంకెయగు 1 ఇంటర్నెట్టును, ఐదవదగు 2 నిర్వహణమును తెలుపును. ఏ దేశములో, ఏ కంపెనీ చేసిన యంత్రమునైనను ఈ పేరుతో అడిగినచో ఒకే సంగతి చెప్పును. 1988లో ప్రకటించిన మొదటి పట్టికలో సుమారు వంద సంగతులు మాత్రమే ఉండవలెనని కట్టడి చేసుకొనిరి. చిన్న యంత్రము కూడ ఈ భారమును మోయగలుగుటకే ఈ కట్టడి.

పొదుపు వలన చిక్కులును వచ్చినవి. యంత్రపు నడక కాలమును సెకండులో నూరవ వంతుల లెక్కను 32 అంకెల ద్వయాంశ సంఖ్యలో ఉంచిరి. ఆ సంఖ్య 4,29,49,67,296కు చేరగానే మరల సున్న యగును. లెక్కించినచో ఇది 497 దినములు. ఏడాదిన్నర దాపున ఎడతెగక నడచిన యంత్రము, ఇప్పుడే పుట్టినదానివలె కనిపించును!

తీగపై పోయిన బైట్ల లెక్కయు మొదట ఇట్టి సంఖ్యయే. సెకండునకు కోటి బిట్లు పోవు తీగపై ఈ లెక్క నిండుటకు 57 నిముషములు పట్టును. సెకండునకు 100 కోట్ల బిట్లు పోవు తీగపై సెకండునకు 12.5 కోట్ల బైట్లు పోవును; లెక్క 34 సెకండ్లలోనే నిండి సున్నకు వచ్చును. కేంద్రము అయిదు నిముషముల కొకసారి అడిగినచో, నడుమ లెక్క ఎనిమిదిసార్లు చుట్టుతిరిగియుండును; కేంద్రమునకు అది తెలియదు. అందుచే తరువాత 64 అంకెల సంఖ్యను ప్రవేశపెట్టిరి. అదే తీగపై అది నిండుటకు 4,600 ఏండ్లకు పైగా పట్టును. కొలుచువాని వేగము కొలువబడు వస్తువు వేగమునకు తగియుండవలెనను సూత్రము ఇచ్చట స్పష్టమగుచున్నది.

కేంద్రములోని పనివిభజన

కేంద్ర సాఫ్ట్‌వేరు చేయవలసిన పనులను 1989లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ అయిదుగా విభజించినది: దోషములను కనుగొనుట, యంత్రముల అమరికను నిర్ణయించుట, వాడుకను లెక్కించుట, పనితీరును కొలుచుట, రక్షణ కల్పించుట. నేటి కేంద్రములలోను ఈ అయిదు శాఖలే భిన్నరూపములతో కనిపించును.

ఈ పనులు ఒకే కంప్యూటరుతో సాగవు. పదివేల యంత్రములను ఒకదాని తరువాత ఒకటిగా అడుగుచు, ఒక్కొక్క జవాబుకు ఒక సెకండు వేచియున్నచో ఒక చుట్టు పూర్తియగుటకు 2 గంటల 46 నిముషములు పట్టును. అంతలో ఏమైనను కావచ్చును. కావున ప్రశ్నించు పనిని ప్రాంతముల వారీగా అనేక సేకరణ యంత్రములకు పంచుదురు. అవి ఒకేసారి వందల ప్రశ్నలు పంపును. సేకరించినదానిని భాండారములో నిలువచేయుదురు. ఆ పైమెట్టున దోషములను పోల్చి చూచు భాగము, దానిపై మనుష్యులు చూచు తెర ఉండును.

వీనిలో మిక్కిలి తెలివి కావలసినది పోల్చి చూచు భాగము. ఉదాహరణకు విశాఖనుండి అనకాపల్లికి, అచ్చటినుండి నర్సీపట్నమునకు, అచ్చటినుండి చింతపల్లికి ఒక తీగ పోవుచున్నదనుకొందము. అనకాపల్లి వద్ద తీగ తెగినచో ఆవలనున్న యంత్రములన్నియు జవాబు చెప్పవు. తెరపై వంద ఎర్రదీపములు వెలుగును. వంద దోషములు కలిగినవా? లేదు, ఒక్కటే కలిగినది. ఏ యంత్రము ఏ యంత్రము వెనుక నున్నదో తెలిపెడు పటము కేంద్రములో నుండవలెను. అప్పుడు సాఫ్ట్‌వేరు 99 దీపములను ఆర్పి, ఒక్కదానిని మాత్రము చూపగలుగును. పటము తప్పైనచో ఎంత మంచి సాఫ్ట్‌వేరైనను తప్పుదారి పట్టించును.

అట్లే ఒక్క ప్రశ్నకు జవాబు రానంతమాత్రమున యంత్రము చచ్చినదనరాదు. ప్రశ్నయే దారిలో పోయియుండవచ్చును. రెండు మూడు పర్యాయములు అడిగియు జవాబు రానిచో దోషమని వ్రాయుదురు. త్వరగా తీర్పు చెప్పినచో అబద్ధపు గంటలు మ్రోగును. ఆలస్యముగా చెప్పినచో నిజమైన చెడుగు దాగును. అబద్ధపు గంటలకు అలవాటుపడిన ఉద్యోగి నిజమైన గంటనుగూడ వినడు.

విశాఖ కేంద్రము, స్తంభములపై గాజుతీగ

ఫైబర్‌నెట్ జాలములో ఖర్చు తగ్గించుటకై తీగను భూమిలో పాతక, విద్యుత్ స్తంభములపైనే కట్టిరి. దాని పొడవు సుమారు 24 వేల కిలోమీటర్లు. విద్యుత్ సబ్‌స్టేషన్లలో జాలయంత్రముల నుంచిరి. అచ్చటినుండి బయలుదేరిన ఒక్క గాజుతీగలోని కాంతిని పంపిణీ పలకల ద్వారా అనేక ఇండ్లకు చీల్చి పంచుదురు. ఇంటిలోని పెట్టె కాంతిని మరల విద్యుత్ సంకేతముగా మార్చును.

ఇట్టి జాలములలో పెట్టెకు ఒక చక్కని గుణమును కల్పించినారు. కరెంటు పోయిన క్షణమున, తనలో మిగిలిన కొద్దిపాటి విద్యుత్తుతో 'నాకు కరెంటు పోయినది' అను తుదివార్తను పంపి ఆగిపోవును. ఇంజనీర్లు దీనిని తుదిశ్వాస అందురు. తుదిశ్వాస వచ్చి మౌనము కలిగినచో కరెంటు లేదని తెలియును. తుదిశ్వాస లేకనే మౌనము కలిగినచో తీగ తెగియుండునని ఊహింపవచ్చును. మొదటిదానికి విద్యుత్ శాఖవారు పోవలెను. రెండవదానికి గాజుతీగను అతుకువారు పోవలెను. మౌనములలో భేదమును గుర్తించుటవలన ఒక రోజు ప్రయాణము కలిసివచ్చును.

తీగ ఎచ్చట తెగినదో కనుగొనుటకు కాంతినే వాడుదురు. గాజులో కాంతి సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఒక కాంతి తునకను పంపగా తెగినచోటినుండి ప్రతిఫలించి 300 మైక్రోసెకండ్లకు తిరిగివచ్చినదనుకొందము. ఆ కాలములో కాంతి రానుపోను 60 కిలోమీటర్లు నడచినది. కనుక తెగినచోటు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. బావిలో రాయి వేసి లోతు తెలిసికొనుట వంటిదే ఈ ఉపాయము.

ఐతే స్తంభము కూలినచో దానిపైనున్న గాజుతీగయు కూలును. కరెంటు తీగయు, వార్తల తీగయు ఒకే స్తంభముపై ఉండుటవలన తుపానునాడు రెండును కలిసి పోవుట సంభవించును. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళము జిల్లాలో పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపాను స్తంభములను పెద్దసంఖ్యలో పడగొట్టినది. పొదుపునకు చెల్లింపవలసిన మూల్యము ఇట్టిది. ఇందువలననే ముఖ్యమైన యంత్రములను వలయాకారముగా కలుపుదురు. ఒకవైపు తెగినచో వార్త మరియొకవైపునుండి వచ్చును. అతిముఖ్యమైన వానికి సెల్‌ఫోను జాలము వంటి వేరొక దారినిగూడ ఉంచుదురు.

ఉక్కు కొలిమి చెప్పు పాఠము

విశాఖలోనే మరియొక పెద్ద ఉదాహరణము కలదు. 1971 జనవరి 20న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. గోదావరి అని పేరుపెట్టిన మొదటి కొలిమి 1990లో మొదలైనది. 1992లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి.

ఉక్కు కర్మాగారములలో కంప్యూటర్లు మెట్లు మెట్లుగా నుండును. అడుగుమెట్టున వేడిమిని, ఒత్తిడిని కొలుచు సాధనములు. దానిపై ఒక్కొక్క కొలిమిని, ఒక్కొక్క చుట్టుయంత్రమును క్షణక్షణము నడిపెడు స్థానిక నియంత్రకములు. దానిపై ఆ విభాగమునంతయు చూచు కంప్యూటర్లు. పైమెట్టున ఏ ఉక్కు ఎంత చేయవలెనో నిర్ణయించు కంప్యూటర్లు. పైకి పోయినకొలది చూపు విశాలమగును, తొందర తగ్గును. అడుగున నిర్ణయము సెకండులోపల జరుగవలెను. పైన ఒక గంట ఆలస్యమైనను చెల్లును.

పైమెట్టు కంప్యూటరు ఆగినచో కొలిమి ఆగరాదు. కరగిన ఇనుము కొలిమిలో గడ్డకట్టినచో నష్టము అపారము. నీరు పారుచున్నదా, గాలి అందుచున్నదా అను ప్రశ్నలకు జవాబు కొలిమి చెంతనే ఉండవలెను గాని, కేంద్రమునుండి రావలసిన పనిలేదు. రైలు కంట్రోలరునకును, స్టేషను మాస్టరునకును గల సంబంధమే ఇచ్చటను కనిపించుచున్నది.

ఒక్క తాళపుచెవి

కేంద్రము చేతిలో అన్ని తలుపుల తాళములు ఉండుట సౌకర్యమే; ఆ తాళపుచెవుల గుత్తి దొంగ చేతిలో పడుటయే భయము. ఎస్.ఎన్.ఎం.పి. తొలిరూపములో ప్రశ్నించువాడు చెప్పవలసిన రహస్యపదము తీగపై మరుగు లేక పోవుచుండెను. పైగా అనేక యంత్రములలో ఆ పదము 'పబ్లిక్' అనియే యుండెను! రహస్యలిపితో కూడిన మూడవ రూపము 2002 నాటికి గాని పూర్తి ప్రమాణము కాలేదు.

2020 డిసెంబరులో ఇంతకంటె పెద్ద సంగతి బయటపడినది. సోలార్‌విండ్స్ అను అమెరికా కంపెనీ తయారుచేయు ఓరియన్ అను జాలపర్యవేక్షణ సాఫ్ట్‌వేరులో చొరబాటుదారులు రహస్యముగా తమ సూచనలను చేర్చిరి. కంపెనీ పంపిన క్రమమైన సవరణతోపాటు ఆ విషము సుమారు 18,000 సంస్థలకు చేరినది. కాపలాదారునే లోబరచుకొన్నచో ఇల్లంతయు తెరచినట్లే గదా!

శత్రువు లేకున్నను కేంద్రమువలన చిక్కు కలుగవచ్చును. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ కంపెనీలో మరమ్మతు సమయమున ఇచ్చిన ఒక ఆజ్ఞ వారి ప్రధాన తీగల నన్నిటిని విడదీసినది. ఆ తప్పును సరిచేయుటకు పోవలసిన ఆజ్ఞయు ఆ తీగలమీదనే పోవలెను. ఇంజనీర్లు స్వయముగా యంత్రములున్న భవనములకు పోవలసి వచ్చెను. సేవలు సుమారు ఆరు గంటలు ఆగినవి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ ఒక్కసారిగా పంపిన దోషయుక్తమైన సవరణ వలన ప్రపంచములో సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలబడినవి. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. ఆ కంప్యూటర్లలో అనేకములను ఒక్కొక్కదానిని మనిషి ముట్టి సరిచేయవలసి వచ్చినది. దోషము పంచుట ఒక్క క్షణము. బాగుచేయుట అనేక దినములు.

ఇందుచే నేటి నిర్వాహకులు క్రొత్త ఆజ్ఞను అన్ని యంత్రములకు ఒకేసారి పంపరాదని నియమము పెట్టుకొనుచున్నారు. మొదట పది యంత్రములకు పంపి, బాగున్నచో వందకు, తరువాత వేయికి పంపుదురు. క్రొత్త ఆజ్ఞ పిదప కేంద్రముతో సంబంధము తెగినచో, కొన్ని నిముషములు వేచి తన పాత అమరికకు తానే మరలునట్లు యంత్రమునకు ముందుగనే చెప్పియుంచుదురు.

విశాఖపట్టణమునకు ఈ విషయము దూరపుకథ కాదు. రేవు, రైలు, ఉక్కు, విద్యుత్తు అన్నియు నేడు కంప్యూటరు జాలములమీద ఆధారపడియున్నవి. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ఇచ్చట పెద్ద దత్తాంశ కేంద్రమును నిర్మింతునని, సముద్రగర్భ తీగలను ఈ తీరమునకు చేర్తునని ప్రకటించినది. యంత్రములు పెరిగినకొలది వానిని ఒక్కచోటినుండి చూడవలసిన అవసరమును పెరుగును.

ఆ తీరమునకు మరల తుపాను రాకమానదు. ఆనాడు కేంద్రపు తెరపై ఎన్ని దీపములు చక్కగా వెలుగుచున్నవను దానికంటె, తీగ తెగిన పిమ్మట దూరమందలి చిన్న యంత్రము తన పనిని తాను ఎంతకాలము చేసికొనగలదను ప్రశ్నయే ముఖ్యమగును. కంట్రోలు టెలిఫోను మూగవోయినను బండిని భద్రముగా దాటించిన స్టేషను మాస్టరు వద్ద ఈ ప్రశ్నకు జవాబు చాలకాలము క్రిందటనే ఉన్నది.